ఇంగ్లండు కరణం, ఉర్లా ధర్మకాంటా

రాయపూర్‌లో తెలుగువాడికి రావ్ సాహబ్ అనిపించుకోక తప్పదు. ఇంటిపేరు ఏదైనా, పేరు చివర రావు ఉన్నా లేకపోయినా, లారీ డ్రైవరు మొదలు మిల్లు సేఠ్ దాకా అందరి నోటా ఆయన రావ్ సాహబే. పార్వతీపురం నుంచి రాయపూర్‌కు 1931లో రైలుదారి పూర్తయింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్ళకు ఈ ఊరు ఒక రాత్రి ప్రయాణమైంది. కాబట్టి ఇక్కడ రావ్ సాహబులకు కొదవ లేదు, వాళ్ళలో రకాలకూ కొదవ లేదు. చిట్టీల రావ్ సాహబ్ వేరు, భజనల రావ్ సాహబ్ వేరు, ఊరి నుంచి వచ్చిన ప్రతివాడికీ గది వెతికిపెట్టే రావ్ సాహబ్ వేరు. ఇక్కడ చెప్పుకునేది ఉర్లా పారిశ్రామికవాడలో, రోలింగు మిల్లు గేటు పక్కన, ధర్మకాంటా గదిలో కూర్చునే రకం గురించి. ఖాళీ లారీని తూచడం, సరియా, అంటే ఇనుప చువ్వల, కట్టలు ఎక్కాక మళ్ళీ తూచడం, తేడా రాసి బిల్టీ, గేట్‌పాస్ చేతికివ్వడం ఆయన కొలువు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయగలిగేంత నల్లదుమ్ము పేరుకునే ఆ గదిలో, రాత్రి పూట లారీకీ లారీకీ మధ్య చిక్కే ఖాళీలో, తూకాలు ఎక్కించే ఆ కంప్యూటర్ మీదే, ఆయన ఇంగ్లండు దేశాన్ని పాలిస్తాడు.

పాలించేది యూరోపా యూనివర్సాలిస్ మూడో ఆటలో. స్టాక్‌హోం నగరంలోని పారడాక్స్ సంస్థ దాన్ని 2007లో విడుదల చేసింది. మొదట 1453లో మొదలయ్యే ఆట. మరుసటి ఏడు వచ్చిన చేర్పుతో మొదలు 1399 అక్టోబరు 14కి, అంటే నాలుగో హెన్రీ పట్టాభిషేకం మర్నాటికి, వెనక్కి జరిగింది. అందులో ప్రతి దేశానికీ ఎనిమిది స్లైడర్లుంటాయి. కేంద్రీకరణ ఒక కొసన, వికేంద్రీకరణ ఇంకో కొసన. అలాగే ప్రభువర్గమూ ధనికవర్గమూ, వెట్టీ స్వేచ్ఛా, కొత్తదనమూ ఛాందసమూ, కట్టడి వ్యాపారమూ స్వేచ్ఛా వ్యాపారమూ, దాడీ కాపుదలా, నేలా సముద్రమూ, నాణ్యతా సంఖ్యా. ఒక్కో స్లైడర్‌కు పదకొండు గడులు. ఒకసారి ఒక గడి జరిపితే మళ్ళీ ముట్టుకోవడానికి ఆటలో ఏళ్ళు గడవాలి. జరిపినప్పుడల్లా ఏదో ఒక సంఘటన తలెత్తవచ్చు. ఒక్కోసారి మేలు జరుగుతుంది, ఒక్కోసారి దేశం నిలకడ ఒక మెట్టు దిగిపోతుంది. రావ్ సాహబ్‌ను ఆ కుర్చీలో చూసినవాళ్ళంతా ఒకే తీర్పు ఇస్తారు: పగలు సేఠ్ ముందు నిలబడేవాడు రాత్రి రాజై మనసు తీర్చుకుంటున్నాడని. తేలిగ్గా తోచే తీర్పు గనక అందరికీ నచ్చింది. కానీ ఆయన ఆట ఆడే తీరును కాస్త దగ్గర్నుంచి చూస్తే అది నిలవదు. ఆయన ఇంగ్లండుకు రాజు కాదు, కరణం. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాల పదవులను రద్దు చేసింది. పదవులు రద్దయ్యాయి గాని ఆ బుద్ధిని రద్దు చేసే ఆర్డినెన్సు ఏ ప్రభుత్వమూ తేలేదు. ఆ బుద్ధికి చెందిన ఒక పాయ ఉర్లాలో తేలింది.

సాక్ష్యం కావాలంటే ముందు ఆయన యుద్ధాలు చూడాలి. చూడాలంటే అవి ఉండాలి కదా! వందేళ్ళ యుద్ధం తాలూకు తోక ఇంకా ఆడుతుండగానే ఆయన ఫ్రాన్సుతో రాజీ పత్రం రాసేస్తాడు. సముద్రం అవతల మిగిలిన కలే పట్టణం మీద ఆయనకు మమకారం లేదు, పొరుగూరి సర్వే నంబర్లలో మన చెక్క ఒకటి ఉండిపోవడం రికార్డుకు శుభ్రం కాదంటాడు. ఇన్ని దేశాలుండగా ఇంగ్లండునే ఎందుకు ఎంచుకున్నాడంటే జవాబు అక్కడే ఉంది. మూడు వైపులా సముద్రమే హద్దు. సముద్రంతో గట్టు తగాదా ఉండదు. ఉత్తరాన స్కాట్లండు ఒక్కటే చిక్కు. దాని మీదికి సైన్యాన్ని పంపితే పదేళ్ళలో తేలిపోతుందని కుర్రవాళ్ళు చెబుతారు. ఆయన పంపడు. రాజకుటుంబాల మధ్య పెళ్ళి కుదిర్చి, వారసత్వం ఎప్పుడు కలిసొస్తుందా అని కాచుకు కూర్చుంటాడు. ఇది పిరికితనమని కొట్టిపారేయడానికి లేదు, చరిత్రలో జరిగిందీ అచ్చంగా ఇదే. 1503లో ట్యూడర్ ఆడపడుచు మార్గరెట్‌ను స్కాట్లండు రాజుకిచ్చి పెళ్ళి చేశారు. 1603లో ఆమె మునిమనవడికి రెండు కిరీటాలూ దక్కాయి. రెండు దేశాలూ ఒక్కటవుతున్నట్టు చట్టం 1707లో అమలైంది. పెళ్ళి నుంచి వారసత్వానికి నూరేళ్ళు, వారసత్వం నుంచి రిజిస్ట్రేషనుకు ఇంకో నూట నాలుగేళ్ళు. తాలూకా కచేరీ చుట్టూ తిరిగిన ఏ తెలుగు కుటుంబానికీ ఈ లెక్క వింతగా అనిపించదు.

ఇక ఖజానా. ఆటలో నాణేలు ముద్రించుకుని అవసరం గడుపుకోవచ్చు. దాని వెంట ధరలు పెరుగుతాయి, పెరిగినవి ఒకంతట దిగవు. రాజు బుద్ధి ఉన్నవాడెవడూ ఈ సదుపాయం వదులుకోడు. నిజం ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ వెండి నాణెంలో రాగి కలిపి కలిపి, పై పూత అరిగితే ముక్కు దగ్గర రాగి బయటపడే స్థితికి తెచ్చి, ముసలి రాగిముక్కు అని పేరు తెచ్చుకున్నాడు. రావ్ సాహబ్ మాత్రం టంకశాల మొహం చూడడు. ఓడకు డబ్బు చాలకపోతే ఓడ మానేస్తాడు. కొలువులో ముగ్గురు సలహాదారులకు చోటుంటే, సేనాపతిని పక్కన పెట్టి టంకశాల అధికారికి జీతమిస్తాడు. ఎందుకంటే ఆ అధికారి ధరలను ఏటా పిసరంత తగ్గిస్తాడు. ఏ చక్రవర్తీ పిసరంత కోసం జీతాలివ్వడు. లారీ తూకంలో ఐదు కిలోల తేడా వస్తే బండిని మళ్ళీ కాంటా ఎక్కించేవాడే ఆ పని చేస్తాడు.

అసలు విషయం స్లైడర్ల దగ్గరుంది. వాటి లెక్క స్థూలంగా ఇది: ఒక కొసకు జరిగేకొద్దీ ఆ కొస లాభమూ పెరుగుతుంది, దాంతో కట్టిపెట్టిన నష్టమూ పెరుగుతుంది. నట్టనడి గడిలో లాభం సున్నా, నష్టం సున్నా. హైదరాబాదు నుంచి మిల్లుకొచ్చిన కుర్ర ఇంజనీరు దీన్ని ఒక్క చూపులో పట్టేస్తాడు. ఇంగ్లండుకు కావలసినవి ఓడలు, వర్తకులు, చవకైన పరిశోధన. కనుక సముద్రం, ధనికవర్గం, కొత్తదనం వైపు స్లైడర్లను చివరంటా తోసెయ్యాలి, తక్కిన నష్టాలు ఇంగ్లండును కరవవు. లెక్క తప్పని చెప్పలేం. రావ్ సాహబ్‌కూ ఈ లెక్క వచ్చు, కుర్రవాడికంటే పదేళ్ళ ముందే వచ్చు. అయినా ఆయనకు నడిగడి అంటే ప్రాణం. జమా ఖర్చూ సరిపోయి, అడుగున సున్నా పడి, కింద రెండు గీతలు గీసిన పేజీలో ఆయనకు కనిపించే అందం అజంతా గుహల్లో కూడా కనిపించదు. ఆ సున్నాను చెరిపి ఇంగ్లండును సముద్రం వైపు ఒక గడి జరపాలంటే ఆయనకు కారణం కావాలి. లాభం ఆయనకు కారణం కాదు. పరిస్థితి తనను బలవంతం చేసిందని చూపించగలగాలి. స్పెయిన్ ఓడలు పెరిగాయనో, ఐర్లండు తీరంలో దొంగలు లేచారనో చిత్తుకాగితం మీద రాసుకుని, తేదీ వేసి, అప్పుడు జరుపుతాడు. కుర్రవాళ్ళు మూడు రాత్రుల్లో చేరే చోటికి ఆయన ముప్పై రాత్రుల్లో చేరతాడు. చేరేది అక్కడికే. ఆయన ఇంగ్లండు కూడా చివరికి ఓడలతో, వర్తకులతో, స్వేచ్ఛా ప్రజతో నిండిపోతుంది. తేడా ఒక్కటే, ఆయన దగ్గర ప్రతి గడికీ కాగితం ఉంటుంది.

ఇక్కడ చరిత్ర తెలిసినవాళ్ళు అడ్డు తగులుతారు. దేశాలు ఇలా గడి తర్వాత గడి జరుపుకుంటూ మారవు, ఇది గుమాస్తాల భ్రమ అని. సగం ఒప్పుకోవచ్చు. వ్యాపారం స్లైడర్‌నే చూడండి. పరాయి ఓడలు సరుకు తేరాదని ఇంగ్లండు పార్లమెంటు 1651లో చట్టం చేసింది. ధాన్యం దిగుమతిని అదుపుచేసే చట్టాలను 1846లో, ఓడల చట్టాలను 1849లో ఎత్తేసింది. అంటే కట్టడి కొస నుంచి స్వేచ్ఛ కొసకు వెళ్ళడానికి రెండు వందల ఏళ్ళకు రెండేళ్ళు తక్కువ పట్టింది. ఆటకంటే ఇంగ్లండే నెమ్మది. కానీ వెట్టి స్లైడర్ దగ్గర విమర్శకులదే గెలుపు. ఇంగ్లండులో వెట్టిరైతు విడుదలయ్యాడంటే ఏ రాజూ ఏ గడినీ జరపలేదు. 1348లో వచ్చిన మహామారి కూలీలను ఊడ్చుకుపోయింది. మిగిలినవాళ్ళ కూలి పెరిగింది. 1351లో కూలి పెంచరాదని చట్టం చేశారు, అది కాగితం మీదే ఉండిపోయింది. 1381లో రైతులు లండను మీదికి వస్తే పధ్నాలుగేళ్ళ రెండో రిచర్డ్ విడుదల పత్రాలు రాసిచ్చాడు, గండం గడవగానే వెనక్కి తీసుకున్నాడు. అయినా వెట్టి నిలవలేదు, దానంతటదే అరిగి అరిగి పోయింది. రద్దు చేసిన చట్టమంటూ ఒక్కటి లేదు. ఆటలో రాజు జరిపే స్లైడర్‌ను చరిత్రలో ఎలుకల మీది ఈగలు జరిపాయన్నమాట. రావ్ సాహబ్ ఈ సంగతి విని ఒప్పుకోడు. సంతకం లేకుండా అంత పెద్ద మార్పు ఎలా నమోదైందని ఆయన సందేహం. ఇదే ఆయన అసలు లోపం, నేను దాచను. ప్రతి మార్పు వెనకా ఒక అధికారి వేలు ఉంటుందని నమ్మడం కరణాల పుట్టుమచ్చ.

అయితే మార్పును ఒక్కో గడిగానే తేవాలన్న ఆయన పట్టుదలను నవ్వి వదిలేయలేం. ఆ పట్టుదల ఎక్కడిదో ఉర్లా చుట్టూ చూస్తే తెలుస్తుంది. నాగపూర్ భోంసలేల రాజ్యానికి వారసుడు లేడని ఈస్టిండియా కంపెనీ 1854లో దాన్ని కలుపుకోవడంతో ఈ నేల దొరల ఖాతాలో పడింది. ఆ తర్వాత ఫైళ్ళు నాగపూరుకు వెళ్ళాయి, 1956 తర్వాత భోపాల్‌కు వెళ్ళాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడి రాయపూరే రాజధాని అయింది. ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ నవంబరు 1నే, 1956లో. ఒకే తేదీ మీద రెండు రాష్ట్రాలు పద్దు పడటం రావ్ సాహబ్‌కు ఎంతో ఇంపుగా ఉంటుంది. ఇక సొంత రాష్ట్రం సంగతి. 2014లో విభజన జరిగింది, కొత్త రాజధాని అమరావతి అన్నారు. 2020లో వికేంద్రీకరణ పేరుతోనే మూడు రాజధానుల చట్టం వచ్చింది, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. ఎవరిది ఒప్పు అన్న జోలికి ఆయన పోడు, ఊరి రాజకీయం కాంటా గదిలో మాట్లాడటం ఆయనకు పడదు. ఆయన అభ్యంతరమల్లా పద్ధతి మీదే: కేంద్రీకరణ స్లైడర్‌ను ఈ కొస నుంచి ఆ కొసకూ, ఆ కొస నుంచి ఈ కొసకూ ఏడెనిమిదేళ్ళలో తిప్పేయడానికి ఏ ఆటా ఒప్పుకోదు. తిప్పితే నిలకడ మైనస్ మూడుకు పడుతుంది. అంతకంటే కిందికి ఆటలో మెట్లు లేవు.

ఇంకో ఆక్షేపణ ఉంది, అది కాస్త పదునైనది. మనల్ని ఏలినవాళ్ళ దేశాన్ని ఏరికోరి ఎంచుకుని, దాని ఖజానా నింపుతూ కూర్చోవడం బానిస బుద్ధి కాదా? శ్రీకాకుళం వాడికి ఈ ప్రశ్న మరీ గుచ్చుకోవాలి. కంపెనీ వాళ్ళ గ్లోబ్ అనే ఓడ 1611లో మచిలీపట్నం చేరింది. 1632లో గోల్కొండ సుల్తాను వాళ్ళకు బంగారు ఫర్మానా ఇచ్చాడు. 1766కల్లా ఉత్తర సర్కారులు నిజాం చేతిలోంచి వాళ్ళ చేతిలోకి పోయాయి. రావ్ సాహబ్ ఆటలో వ్యాపారాన్ని స్వేచ్ఛ వైపు జరిపి, ఓడలు పెంచి, తూర్పు సముద్రానికి పంపితే అవి ఎవరి తీరం చేరతాయో వేరే చెప్పాలా? ఆక్షేపణ బాగుంది కానీ అది రాజుకు తగిలే ఆక్షేపణ, కరణానికి తగలదు. దొరలు దేశాన్ని ఏలారంటాం, లెక్కలు ఎవరు రాశారు? కాలిన్ మెకంజీ దొర దక్షిణాది ఊళ్ళ చరిత్రలన్నీ పోగుచేశాడని చదువుకుంటాం. ఆ ఊళ్ళు తిరిగి, శాసనాలు చదివి, పనిని నిలబెట్టినవాళ్ళు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు. అలా పోగైన ఊరి చరిత్రల్లోకి, అంటే కైఫీయతుల్లోకి, ఎక్కిన సంగతుల్లో ఎన్నో కరణాలు తరతరాలుగా దాచిన దండకవిలెల్లోంచి వచ్చినవి. దొర పోయాడు, కైఫీయతు ఉంది. సర్కారులను ఎవరు ఏలినా, కళింగ గజపతులైనా, గోల్కొండ నవాబులైనా, కంపెనీ అయినా, కవిలెకట్ట మాత్రం అదే ఇంట్లో, అదే దూలానికి వేలాడింది. కాబట్టి తెలుగువాడు ఇంగ్లండు లెక్కలు రాయడం తలకిందులైన వింతేమీ కాదు, ఆనవాయితీ. కొత్తదనం ఏమైనా ఉంటే అది ఒకటే: ఇప్పుడు దొర లేడు, కరణం ఒక్కడే మిగిలాడు. పైగా ఆయన ఓడలు చివరకు బందరు రేవుకు వచ్చినప్పుడు కోట కట్టవు. వర్తకుణ్ణి దింపి, సుంకం కట్టి, రసీదు తీసుకుని వెళ్ళిపోతాయి. దండయాత్ర చేయకుండా బెంగాల్ నుంచి బందరు దాకా వ్యాపారం చేసిన ఇంగ్లండు ప్రపంచంలో ఎక్కడైనా ఉందంటే అది ఉర్లాలోనే.

ఇంట్లోవాళ్ళ ఆక్షేపణ వీటన్నిటికంటే పాతది, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాలం వృథా అన్నది వాళ్ళ ఫిర్యాదు కాదు, రాత్రి డ్యూటీలో కాలం ఎటూ వృథాయే. ఫిర్యాదు ఏమిటంటే, ఆటలో నేర్చిన పాలనను ఆయన ఇంటికి తెస్తాడు. ఒకసారి ఒక గడి, ఆపైన విరామం. ఫ్రిజ్ కొన్న దశాబ్దంలో వాషింగ్ మెషిన్ రాదు. కొడుకు ఇంజనీరింగ్ మానేసి బొమ్మలు వేయడం నేర్చుకుంటానంటే అది ఆటలో కొత్తదనం స్లైడర్ కిందికి వస్తుంది. కొత్తదనం వైపు జరిగితే పరిశోధన చవకవుతుంది, నిలకడ ఖరీదవుతుంది. ఇంటి నిలకడ ఇప్పటికే ఖరీదుగా ఉంది గనుక దరఖాస్తు పెండింగులో ఉంటుంది. “ఏటండీ, ఇంగ్లండుకి ఓడల మీద ఓడలు కొంటారు, ఇంటికి గ్రైండరు కొనరేటండీ?” అని భార్య అడిగితే, ఓడలకు కాగితం ఉందనే జవాబు వస్తుంది. ఆవిడ కాగితం రాసి తెస్తే మాత్రం గ్రైండరు వచ్చి తీరుతుంది. ఈ రకం మనిషిలో ఉన్న ఒకే ఒక్క ఉదారత అది, దాన్ని కనిపెట్టిన ఇల్లాళ్ళు సుఖపడ్డారు. చెప్పొచ్చేదేమిటంటే, ఇంటిని నడిగడిలో నిలబెట్టడం వల్ల ఆ ఇంట్లో అప్పు లేదు. మరీ అంత సంబరమూ లేదు. జమా ఖర్చూ సరి.

ఆయన ఇంకా 2007 నాటి ఆటనే పట్టుకుని వేలాడటానికి కంప్యూటర్ పాతదవడం ఒక్కటే కారణం కాదు. 2013లో నాలుగో ఆట వచ్చింది. అందులో స్లైడర్లు తీసేసి, రాజు తెలివితేటలను బట్టి నెలనెలా వచ్చే పాయింట్లతో పని నడిపించారు. తెలివైన రాజు పుడితే దేశం ఎదుగుతుంది, మొద్దు పుడితే ఆగుతుంది. కుర్రవాళ్ళు ఎగబడి ఆడారు. రావ్ సాహబ్‌కు అది పరమ అసహ్యం. దేశం బాగోగులు రాజు పుట్టుక మీద ఆధారపడితే ఇక కచేరీలెందుకు, కాగితాలెందుకు? పన్నెండేళ్ళు ఆ ఆటను ముట్టుకోలేదు. 2025 నవంబరులో ఐదో ఆట వచ్చింది. మొదలు 1337కి జరిగింది, అంటే ఇంగ్లండుకు మహామారి కూడా తన హయాంలోనే ఎదురవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రెండు కొసల విలువలు తిరిగొచ్చాయి: కేంద్రీకరణా వికేంద్రీకరణా, వెట్టీ స్వేచ్ఛా, నేలా సముద్రమూ, మునుపటికంటే ఎక్కువ సంఖ్యలో. అవి గడులు దూకకుండా నెలనెలా ఇసుమంత ఇసుమంత కదులుతాయి. తన కోసమే ఎవరో స్పెయిన్‌లో కూర్చుని తయారుచేశారని ఆయనకు అనిపించి ఉంటే తప్పు పట్టలేం. చిక్కల్లా ఆ ఆట ధర్మకాంటా కంప్యూటర్ మీద తెరుచుకోదు. సొంత డబ్బుతో కొనడం ఈ దశాబ్దపు ఇంటి ప్రణాళికలో లేదు. అందుకని మిల్లు ఆఫీసుకు కొత్త కంప్యూటర్ కావాలని ఇండెంటు పెట్టాడు. కారణం రాయవలసిన గడిలో ‘తూకం నమోదు చాలా నెమ్మదిగా జరుగుతున్నది’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేశాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు, వెనకాల ఇంగ్లండు తెరిచి ఉన్నంతసేపూ ఆ కంప్యూటర్ నెమ్మదిగానే నడుస్తుంది.